ఏలికపాము

ఏలికపాము మనిషి చిన్నపేగులో బతికే పరాన్నజీవి, నిమటోడా వర్గానికి చెందిన గుండ్రటి పురుగు. శాస్త్రీయ నామం ఆస్కారిస్ లుంబ్రికాయిడిస్. మనిషి పేగులో సాధారణంగా కనిపించే గుండ్రటి పురుగుల్లో ఇదే పెద్దది. ఆడపురుగు జానెడు దాటి పెరుగుతుంది. మట్టి ద్వారా సోకే పేగు పురుగులు ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందిలో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాటిలో ఏలికపాము వాటా పెద్దది.

ఈ పురుగు జీవితం ప్రధానంగా రెండు చోట్ల గడుస్తుంది: గుడ్డుగా మట్టిలో, ఎదిగిన పురుగుగా పేగులో. పేగులో అది గుడ్లు పెడుతుందే కాని ఆ గుడ్లు అక్కడే పిల్లలై పెరగవు. ఒకరి కడుపులో పది పురుగులుంటే, ఆ మనిషి ఎప్పుడో ఒకప్పుడు కనీసం పది గుడ్లు మింగాడన్నమాట. అందుకే ఏలికపాము సంగతి తెలియాలంటే పేగు గురించి ఎంత తెలుసుకోవాలో మట్టి, తేమ, ఎండ, ఊరి పారిశుద్ధ్యం గురించీ అంతే తెలుసుకోవాలి. అనంతపురం పీఠభూమిలో, ఎండిన చేలకూ కాలువ కింది మళ్లకూ మధ్య ఉన్న కణేకల్ వంటి చోట, మట్టిలో గడిచే సగాన్ని దగ్గరగా చూడవచ్చు.

పేరు, వర్గీకరణ

లుంబ్రికాయిడిస్ అంటే వానపామును పోలినది అని అర్థం. పోలిక పైకి మాత్రమే. వానపాము శరీరం ఉంగరాల వంటి ఖండితాలతో ఏర్పడుతుంది. ఏలికపాముకు ఖండితాలు లేవు. లండన్ వైద్యుడు ఎడ్వర్డ్ టైసన్ 1683లో దీన్ని కోసి, లోపలి అవయవాలను వర్ణించి, ఇది వానపాము కాదని చూపాడు. 1758లో లిన్నేయస్ దీనికి నేటి శాస్త్రీయ నామం పెట్టాడు.

తెలుగులో పేగు పురుగుల పేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోతుంటాయి. ప్రభుత్వ కార్యక్రమాల్లో నులిపురుగులు అన్న మాట అన్ని రకాలకూ వాడుతున్నారు. ప్రాణిశాస్త్రంలో మాత్రం నులిపురుగు వేరు: అది రాత్రిపూట మలద్వారం చుట్టూ గుడ్లు పెట్టి దురద పుట్టించే, దారప్పోగు లాంటి చిన్న పురుగు. కొంకిపురుగు, కొరడాపురుగు మరో రెండు రకాలు. గొర్రెల కాపరులు తమ జీవాల కడుపులోని పురుగులను నట్టలు అంటారు.

ఏలికపాముకు దగ్గరి బంధువు పందిలో ఉండే ఆస్కారిస్ సుయమ్. ఈ రెండూ ఒకే జాతి అని కొందరు, వేరని కొందరు వాదిస్తారు. పంది పురుగు మనుషులకు సోకిన ఉదాహరణలున్నాయి. జన్యు పరీక్షల్లో రెంటికీ పుట్టిన సంకర పురుగులూ బయటపడ్డాయి. ప్రయోగశాలలకు పంది పురుగు సులభంగా దొరుకుతుంది కాబట్టి ఏలికపాము గురించి తెలిసిన దానిలో చాలా భాగం దాన్ని పరిశీలించి తెలుసుకున్నదే.

శరీర నిర్మాణం

బతికున్న పురుగు మీగడ రంగులో గాని లేత గులాబి రంగులో గాని ఉంటుంది. శరీరం గుండ్రంగా సాగి రెండు కొసలా సన్నబడుతుంది. ఆడది 20 నుంచి 35 సెంటీమీటర్లు, మగది 15 నుంచి 30 సెంటీమీటర్లు ఉంటాయి. ఆడదాని తోక తిన్నగా ఉంటుంది. మగదాని తోక కొక్కెంలా వంగి, చివర సంపర్కానికి పనికొచ్చే రెండు ముళ్లు కలిగి ఉంటుంది. నోటి చుట్టూ మూడు పెదవులు: వీపు వైపు ఒకటి, పొట్ట వైపు రెండు. వాటి అంచుల్లో సూక్ష్మమైన దంతాలుంటాయి.

శరీరానికి పైపొర అవభాసిని. ఇది గట్టిదైనా సాగగలదు. పేగులోని జీర్ణరసాల నుంచి పురుగును కాపాడుతుంది. పురుగు ప్రోటీన్లను అరిగించే ఎంజైములను అడ్డుకునే పదార్థాలను కూడా తయారు చేసుకుంటుంది. మాంసాన్ని కరిగించే రసాల మధ్య మెత్తటి జీవి అరిగిపోకుండా ఉండటానికి ఈ రెండూ తోడ్పడతాయి.

అవభాసిని కింద అధశ్చర్మం, దాని కింద కండరాల పొర ఉంటాయి. కండరాలన్నీ నిలువునా సాగినవే. అడ్డంగా చుట్టుకొనే కండరాలు లేవు. శరీర కుడ్యానికీ పేగుకూ మధ్య ఉన్న మిథ్యా శరీరకుహరంలో ద్రవం ఒత్తిడితో నిండి ఉంటుంది. శాస్త్రవేత్తలు హారిస్, క్రాఫ్టన్ 1957లో ప్రచురించిన కొలతల ప్రకారం ఆ ఒత్తిడి సగటున 70 మిల్లీమీటర్ల పాదరస మట్టం. మనిషి రక్తపోటులో కింది అంకెకు అది దగ్గర. ఎముకలు లేని ఈ ప్రాణికి ఆ ద్రవమే అస్థిపంజరం. నిలువు కండరాలు ఒకవైపు ముడుచుకుంటే, ద్రవపు ఒత్తిడి వల్ల శరీరం కుదించుకుపోకుండా వంగుతుంది. అలా అలలుగా వంగుతూ పురుగు కదులుతుంది.

నాడులకూ కండరాలకూ ఉన్న సంబంధం ఇందులో తలకిందులుగా ఉంటుంది. మామూలుగా జంతువుల్లో నాడి కండరం దాకా వెళ్తుంది. ఏలికపాములో కండర కణమే చేయి చాచినట్టు ఒక పోగును సాగదీసి నాడీ తంత్రిని అందుకుంటుంది. మొత్తం నాడీ కణాలు సుమారు 300 మాత్రమే. రక్త ప్రసరణకు గాని, శ్వాసకు గాని విడిగా అవయవాలు లేవు.

ఆహారం, జీవక్రియ

ఏలికపాము కొంకిపురుగులా పేగు గోడను కరిచి రక్తం పీల్చదు. అంటిపెట్టుకొనే అవయవం దానికి లేదు. పేగు కదలికలు ముందుకు తోస్తుంటే, దానికి ఎదురీదుతూ ఉన్న చోటే నిలబడుతుంది. మనిషి తిన్న అన్నం సగం అరిగిన స్థితిలో దానికి ఆహారం. కండరయుతమైన గ్రసని ఆ ద్రవాన్ని లోపలికి పంపు చేస్తుంది.

పేగులో ప్రాణవాయువు చాలా తక్కువ. ఎదిగిన పురుగు దానికి తగ్గట్టే బతుకుతుంది. కూడబెట్టుకున్న గ్లైకోజన్‌ను ఆక్సిజన్ దాదాపు అవసరం లేని మార్గంలో విచ్ఛిన్నం చేసి శక్తి పొందుతుంది. మనిషి కణాల్లా చక్కెరను బొగ్గుపులుసు వాయువు, నీరు అయ్యేదాకా దహించదు. సక్సినిక్ ఆమ్లం, కొవ్వు ఆమ్లాల దగ్గరే ఆపి వాటిని బయటికి వదిలేస్తుంది. శక్తి తక్కువ వచ్చినా, ఆహారానికి కొదవలేని చోట అది చాలు. గుడ్డులో పెరిగే పిండానికి మాత్రం ఆక్సిజన్ తప్పనిసరి. ఒకే ప్రాణి మట్టిలో గాలి పీల్చి, పేగులో గాలి లేకుండా గడుపుతుంది. దాని శరీర ద్రవంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మనిషి హీమోగ్లోబిన్ కన్నా వేల రెట్లు గట్టిగా పట్టి ఉంచుతుంది.

సంతానోత్పత్తి, గుడ్డు

ఆడ, మగ వేరువేరు. మగపురుగులో ఒకే ముష్కం ఉంటుంది. శుక్రకణాలకు తోక లేదు. అమీబాలా పాకుతూ కదులుతాయి. ఆడపురుగులో శరీరం పొడవుకు ఎన్నో రెట్లుండే రెండు నాళాలు చుట్టలు చుట్టుకొని ఉంటాయి. ఇవి బీజకోశంగా మొదలై గర్భాశయంగా మారి, చివరికి ఒకటై, తల వైపు నుంచి మూడో వంతు దూరంలో బయటికి తెరుచుకుంటాయి. ఒక ఆడపురుగు రోజుకు సుమారు 2 లక్షల గుడ్లు పెడుతుంది. ఆయుష్షు ఒకటి నుంచి రెండేళ్లు.

కణశాస్త్ర చరిత్రలో ఈ కుటుంబానికి స్థానం ఉంది. గుర్రంలో ఉండే బంధు పురుగులో పెద్దవి, లెక్కకు అందే క్రోమోజోములు ఉంటాయి. దాని గుడ్లలోనే జీవశాస్త్రవేత్త వాన్ బెనెడెన్ 1883లో, సంతాన కణాల్లో క్రోమోజోముల సంఖ్య సగమవుతుందని గమనించాడు. 1887లో థియోడర్ బోవెరీ ఇంకో వింత చూశాడు. పిండం ఎదిగే తొలి విభజనల్లో, శరీరంగా మారబోయే కణాలు తమ క్రోమోజోముల్లో కొంత భాగాన్ని పారవేస్తాయి. సంతాన కణాలుగా మారబోయేవి మాత్రమే అంతా దాచుకుంటాయి. పంది పురుగు శరీర కణాలు తమ డీఎన్ఏలో సుమారు 13 శాతాన్ని ఇలా కోల్పోతాయని 2012లో తేలింది. ఆ పురుగు జన్యుక్రమం 2011లో ప్రచురితమైంది.

ఫలదీకరణ చెందిన గుడ్డు 45 నుంచి 75 మైక్రోమీటర్ల పొడవుంటుంది. పదిహేను ఇరవై గుడ్లు వరస పేరిస్తే ఒక మిల్లీమీటరు. పైన గరుకైన ప్రోటీను పొర ఉంటుంది; పైత్యరసం తగిలి అది గోధుమ రంగుకు తిరుగుతుంది. దాని కింద గట్టి కైటిన్ పొర, అన్నిటికన్నా లోపల ఆస్కరోసైడ్లనే కొవ్వు పదార్థాలతో ఏర్పడిన పలచటి పొర. గుడ్డుకు రక్ష ఈ లోపలి పొరే. వాయువులను, కొంత నీటిని తప్ప మిగతా రసాయనాలను అది దాదాపు రానివ్వదు. అందుకే నీళ్లలో కలిపే క్లోరిన్ ఈ గుడ్డును చంపలేదు. పలచని ఫార్మలిన్‌లోనూ, పలచని ఆమ్లంలోనూ పిండం పెరుగుతూనే ఉంటుంది.

జీవిత చక్రం

మలంతో బయటపడిన గుడ్డు అప్పటికప్పుడు ఎవరికీ సోకదు. అందులో ఉన్నది ఒకే కణం. తేమ, నీడ, గాలి ఉన్న మట్టిలో, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర అయితే రెండు మూడు వారాల్లో, ఆ కణం డింభకంగా ఎదుగుతుంది. గుడ్డులోనే రెండుసార్లు కుబుసం విడిచి మూడో దశకు చేరుతుంది. సోకగలిగేది ఆ దశలోని గుడ్డే. అనుకూలమైన మట్టిలో అది ఏళ్ల తరబడి బతికి ఉండగలదు.

గుడ్డు చేతుల నుంచి, పచ్చి కూరగాయల నుంచి, నీళ్ల నుంచి నోట్లోకి వెళ్తుంది. చిన్నపేగులోని వెచ్చదనం, బొగ్గుపులుసు వాయువు తగలగానే డింభకం మేలుకొని, ఎంజైములతో పెంకును కరిగించుకొని బయటికి వస్తుంది. అప్పుడు దాని పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు. అక్కడే ఉండిపోవచ్చు కదా అనిపిస్తుంది. కాని అది పేగు గోడను తొలుచుకొని రక్తనాళంలో పడి, కాలేయానికీ, గుండె ద్వారా ఊపిరితిత్తులకూ వెళ్తుంది. ఊపిరితిత్తుల్లో కొద్ది రోజులుండి, ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా పెరిగి, వాయుకోశాల్లోకి చొచ్చుకొస్తుంది. వాయునాళం వెంట గొంతు దాకా ఎక్కుతుంది. దగ్గుతో పైకి వచ్చిన దాన్ని మనిషి తిరిగి మింగుతాడు. రెండోసారి చిన్నపేగు చేరాక అక్కడే స్థిరపడి, మరి రెండుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. గుడ్డు మింగిన నాటి నుంచి ఆడపురుగు గుడ్లు పెట్టే నాటికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఈ ప్రయాణాన్ని మొదట బయటపెట్టినవాడు ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన ఎఫ్. హెచ్. స్టీవర్ట్. ఎలుకలకు గుడ్లు తినిపించి, డింభకాలు ఊపిరితిత్తుల్లో తేలడం ఆయన 1916లో ప్రకటించాడు. మనిషిలోనూ ఇదే జరుగుతుందని నిరూపించడానికి జపాన్ వైద్యుడు కోయినో తానే 2000 గుడ్లు మింగాడు. ఆయనకు తీవ్రమైన న్యుమోనియా వచ్చింది. కళ్లెలో డింభకాలు కనిపించాయి. ఆ ఫలితాలు 1922లో వెలువడ్డాయి. పేగు నుంచి బయల్దేరి మళ్లీ పేగుకే రావడానికి ఇంత చుట్టుదారి ఎందుకన్నదానికి జీవశాస్త్రవేత్తలు పలు వివరణలు ఇచ్చారు. దీని పూర్వీకులు చర్మం గుండా లోపలికి వచ్చేవని, ఆ పాత దారిని ఇది ఇంకా వదలలేదని ఒక వాదం. ఒంట్లో తిరిగే డింభకం త్వరగా పెద్దదవుతుందని, ఆ లాభం వల్లే ఈ అలవాటు నిలిచిందని మరో వాదం.

కరువు నేలలో గుడ్డు

క్లోరిన్‌కు, ఆమ్లానికి లొంగని గుడ్డు ఎండకు, పొడికి లొంగుతుంది. నేరుగా ఎండపడే పొడి నేల మీద అది త్వరగా చస్తుంది. 38 డిగ్రీల పైన పిండం ఎదుగుదల దెబ్బతింటుంది. 50 డిగ్రీల వేడి వారం పాటు నిలిస్తే గుడ్లు బతకవు. మరిగే నీళ్లలో వెంటనే చస్తాయి.

అనంతపురం జిల్లా పడమటి కనుమల వానచాటున ఉంది. ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం ఆగస్టు నుంచి అక్టోబరు లోపల పడుతుంది. ఎండాకాలంలో గాలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. నేల ఉపరితలం అంతకన్నా ఎక్కువ కాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బీడు మీద, బండల మీద పడిన గుడ్డుకు బతికే వీలు దాదాపు లేదు. కోస్తాలోని తేమ నేలలకు లేని రక్షణ ఈ పీఠభూమికి ఎండ రూపంలో ఉంది.

అయితే గుడ్డుకు కావలసింది జిల్లా అంతా తడిసే వాన కాదు, అరచేతి వెడల్పు తడి నేల. కణేకల్ ప్రాంతంలో ఆ తేడా కళ్లకు కడుతుంది. ఒకవైపు హగరి అని పిలిచే వేదవతి నది ఒడ్డున, బొమ్మనహాళ్ దిక్కున, గాలికి కదిలే ఇసుక దిబ్బలున్నాయి. మరోవైపు తుంగభద్ర ఎగువ కాలువ నీటితో, చెరువు కింద వరి మళ్లు పచ్చగా ఉంటాయి. కాలువ గట్ల నీడన, మడి గనిమల మీద, నల్లరేగడిలో, బోరింగుల చుట్టూ, స్నానాల దొడ్డి నీళ్లు పారే పెరట్లో ఎండాకాలంలోనూ తేమ ఉంటుంది. పిల్లలు ఆడుకొనేదీ, ఇంటికి దగ్గరగా మలవిసర్జన జరిగేదీ అటువంటి చోట్లే. జిడ్డు మట్టి తేమను పట్టి ఉంచుతుంది, గుడ్లను పొరల మధ్య ఎండ తగలకుండా దాస్తుంది. అందువల్ల ఏలికపాముకు బంకమట్టి అనుకూలం.

కొంకిపురుగు తీరు వేరు. దాని గుడ్డు పెంకు పలచన. మట్టిలోనే పగిలి డింభకం బయటికి వస్తుంది. తడిసిన ఇసుక నేలలో పాకుతూ వట్టి కాళ్ల చర్మం గుండా లోపలికి చొచ్చుకుపోతుంది. చెప్పులు కొంకిపురుగు నుంచి కాపాడతాయి. ఏలికపాము నోటి దారిన వస్తుంది కాబట్టి దానికి చెప్పులు అడ్డు కావు.

నీటితో పాటు గుడ్లూ పయనిస్తాయి. హైదరాబాద్‌లో మూసీ మురుగునీటితో సాగుచేసే కుటుంబాల మీద ఎన్సింక్, సహచరులు చేసిన అధ్యయనం 2008లో వెలువడింది. శుద్ధి కాని మురుగునీరు పారే పొలాల్లో పనిచేసేవారికి పేగు పురుగుల ముప్పు ఎక్కువని అందులో తేలింది. నది కిందికి పోయేకొద్దీ, ఆనకట్టల వెనక నీళ్లు నిలిచిన చోట గుడ్లు అడుగుకు దిగి, నీటిలో వాటి సంఖ్య తగ్గింది. గుడ్డు నీటికన్నా బరువైనది కావడమే కారణం. నీరు తేరుకుంటుంది గాని, దిగిన గుడ్లు బురదలో బతికే ఉంటాయి. చెరువు పూడికనూ మురుగు బురదనూ చేలకు తోలేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మనిషికి కలిగే బాధలు

కడుపులో నాలుగైదు పురుగులున్నవారికి చాలాసార్లు ఏ బాధా తెలియదు. మలంలో గాని వాంతిలో గాని పురుగు పడినప్పుడే విషయం బయటపడుతుంది.

డింభకాలు ఊపిరితిత్తుల్లో ఉన్న రోజుల్లో పొడిదగ్గు, ఆయాసం, జ్వరం రావచ్చు. రక్తంలో ఇసినోఫిల్ కణాలు పెరుగుతాయి. ఎక్స్‌రేలో కనబడి కొద్ది రోజుల్లో మాయమయ్యే మచ్చలతో కూడిన ఈ స్థితిని స్విట్జర్లాండ్ వైద్యుడు లోఫ్లర్ 1932లో వర్ణించాడు. దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

పేగులో పురుగులు ఎక్కువైతే కడుపునొప్పి, పొట్ట ఉబ్బరం, ఆకలి మందగించడం, ఎదుగుదల కుంటుపడటం కనిపిస్తాయి. నష్టం పురుగు తినే అన్నంతో ఆగదు. పేగు లోపలి పొర దెబ్బతిని, పిల్ల తిన్నది ఒంటబట్టదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో శివకుమార్, వినోదిని రెడ్డి 1970లలో చేసిన పరిశీలనల్లో, ఏలికపాములున్న పిల్లలు విటమిన్ ఏను సరిగా శోషించుకోలేకపోవడం వెల్లడైంది. ఆకుకూరలకు, పాలకు కరువున్న ఇంట్లో తిన్న కాస్తా ఇలా పోవడం చిన్న నష్టం కాదు. ఆ విటమిన్ లోపిస్తే రేచీకటి వస్తుంది.

ప్రాణం మీదికి తెచ్చేవి పురుగుల కదలికలు. పదుల సంఖ్యలో పురుగులు పెనవేసుకొని ముద్దగా మారితే చిన్నపిల్లల సన్నని పేగు మూసుకుపోతుంది. పొట్ట గట్టిపడి, వాంతులై, మలం, గాలి ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పురుగుకు ఇరుకు దారుల్లో దూరే అలవాటు ఉంది. పైత్యరస నాళంలో దూరితే కామెర్లు, తీవ్రమైన నొప్పి, క్లోమంలో వాపు వస్తాయి. కాశ్మీర్‌లో ఇటువంటి కేసులను వైద్యుడు ఎం. ఎస్. ఖురూ విస్తృతంగా అధ్యయనం చేశాడు. ఎక్కువ జ్వరం వచ్చినప్పుడు పురుగులు కలత చెంది నోటి నుంచి, ముక్కు నుంచి బయటికి రావడమూ ఉంది.

వ్యాప్తి తీరు

ఏలికపాములు ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో ఎక్కువ. మట్టిలో ఆడటం, గోళ్లు కొరకడం, చేయి కడగకుండా తినడం, మన్ను తినే అలవాటు అందుకు కారణాలు. ఊళ్లో పురుగులు అందరికీ సమానంగా పంచుకొని ఉండవు. కొద్దిమందిలోనే ఎక్కువ పురుగులుంటాయి. చాలామందిలో కొద్దిగా ఉంటాయి, లేదా అసలుండవు. ఆంధ్ర, తమిళనాడు సరిహద్దులోని పులికాట్ సరస్సు ప్రాంతపు పల్లెకారుల గ్రామంలో ఎల్కిన్స్, హాస్వెల్ ఎల్కిన్స్, ఆండర్సన్ 1980లలో ఈ తీరును లెక్కలతో చూపారు. మందు ఇచ్చి పురుగులన్నీ పడగొట్టాక ఏడాది తిరక్కుండానే సోకుడు దాదాపు మొదటి స్థాయికి చేరింది. మొదట ఎవరిలో ఎక్కువ పురుగులున్నాయో రెండోసారీ చాలావరకు వారిలోనే ఎక్కువ కనిపించాయి. విశాఖపట్నం పెద జాలరిపేటలో బడిపిల్లల మీద జరిపి 2004లో ప్రచురించిన అధ్యయనంలోనూ పేగు పురుగుల్లో ఏలికపామే ముందుంది. తేమ, ఇరుకు, మరుగుదొడ్ల కొరత ఒకచోట చేరిన తీరపల్లెకూ ఎండ కాసే పీఠభూమి ఊరికీ ఉన్న తేడా ఇటువంటి అధ్యయనాల నేపథ్యంలో అర్థమవుతుంది.

నిర్ధారణ

మలాన్ని సూక్ష్మదర్శినిలో చూసి గుడ్లను గుర్తించడమే ప్రధాన పరీక్ష. కొలిచిన మలాన్ని పలచని పొరగా పరిచి గుడ్లు లెక్కించే కాటో కాట్జ్ పద్ధతి సర్వేల్లో వాడుకలో ఉంది. గ్రాము మలంలో 5000 లోపు గుడ్లుంటే తేలికపాటి సోకుడు, 50,000 లేదా అంతకు మించితే తీవ్రమైనది. మగపురుగు లేని ఆడపురుగు ఫలదీకరణ చెందని పొడవాటి గుడ్లు పెడుతుంది. అవి ఎవరికీ సోకవు. అన్నీ మగపురుగులే ఉంటే గుడ్లే కనబడవు. డింభకాలు ఒంట్లో తిరిగే తొలి వారాల్లోనూ మల పరీక్షలో ఏమీ తేలదు. పైత్యరస నాళంలో దూరిన పురుగును అల్ట్రాసౌండ్‌లో చూడవచ్చు.

చికిత్స

ఆయుర్వేదంలో వాయువిడంగాలు, మోదుగ విత్తులు క్రిమిహరాలుగా ప్రసిద్ధం. యూరప్‌లో సాంటోనిన్ చాలాకాలం వాడారు. 1950లలో పైపరాజిన్ వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1947లో రూపొందిన డైఇథైల్ కార్బమజిన్ బోదకాలు మందుగా పేరుపొందింది. దాన్ని ఏలికపాములకూ వాడారు.

నేడు ప్రధానమైనవి ఆల్బెండజోల్, మెబెండజోల్. ఇవి పురుగు కణాల్లోని ట్యూబ్యులిన్ ప్రోటీనుకు అంటుకొని సూక్ష్మనాళికలు ఏర్పడకుండా చేస్తాయి. పురుగు చక్కెర తీసుకోలేక, శక్తి చాలక చస్తుంది. పైరాంటెల్, లెవామిసోల్ పురుగు కండరాలను బిగుసుకుపోయేలా చేస్తాయి. పైపరాజిన్ వదులు చేస్తుంది. ఎటైనా, ఎదురీదలేని పురుగు మలంతో కొట్టుకుపోతుంది. గొర్రెలకు తాగించే నట్టల మందుల్లో కొన్ని ఆల్బెండజోల్ జాతివే. అయితే పశువుల మందు మనుషులు వాడకూడదు.

ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి నమిలి మింగితే పేగులోని ఏలికపాములు దాదాపు అందరిలోనూ పోతాయి. ఏడాది నిండి రెండేళ్లు నిండని పిల్లలకు సగం మాత్ర. గర్భిణులకు మొదటి మూడు నెలల్లో ఇవ్వరు. ఒంట్లో తిరుగుతున్న డింభకాల మీద, మట్టిలోని గుడ్ల మీద మాత్రం ఈ మాత్ర పనిచేయదు. మళ్లీ మళ్లీ వేసుకోవలసి రావడానికి కారణం అదే.

నివారణ

భారతదేశంలో జాతీయ నులిపురుగుల నివారణ దినం 2015లో 11 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలై మరుసటి ఏడు దేశమంతటికీ విస్తరించింది. ఒకటి నుంచి 19 ఏళ్ల వయసువారికి ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో మాత్ర ఇస్తారు. ఆ రోజు వేసుకోలేని పిల్లలకు తర్వాత మరో రోజు కేటాయిస్తారు. సామూహికంగా మందు ఇవ్వడం వల్ల కలిగే మేలు ఎంతన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య చర్చ ఉంది. ఉత్తరప్రదేశ్‌లో సుమారు 10 లక్షల చిన్నపిల్లలపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో పిల్లల బరువు మీద, మరణాల మీద పెద్ద తేడా కనిపించలేదు. తీవ్రంగా సోకిన పిల్లలకు మందు మేలు చేస్తుందన్నదానిలో మాత్రం భేదాభిప్రాయం లేదు.

మట్టిలోకి కొత్త గుడ్లు చేరకుండా చూడటం అసలైన నివారణ. అందుకు మరుగుదొడ్డి కట్టడం మొదటి మెట్టు. ఇంట్లో పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరూ దాన్ని వాడటం రెండోది. పసిపిల్లల మలాన్ని పెరట్లోనో దిబ్బలోనో పడేయకుండా దొడ్డిలోనే వేయాలి. జంట గుంతల మరుగుదొడ్డిలో ఒక గుంత నిండాక మూసి, రెండోదాన్ని వాడుతూ, మొదటిదాన్ని కనీసం ఏడాది, వీలైతే రెండేళ్లు కదపకుండా ఉంచాలి. త్వరపడి తీసి చేలకు తోలితే బతికిన గుడ్లు మళ్లీ ఊళ్లోకే వస్తాయి. బాగా వేడెక్కిన కంపోస్టు కుప్పలో గుడ్లు చస్తాయి. సాగుకు వాడే మురుగునీటిలో లీటరుకు ఒకటికి మించి పురుగు గుడ్లు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం. పచ్చిగా తినే ముల్లంగి, క్యారెట్, కొత్తిమీర బాగా కడగాలి. అన్నానికి ముందు, దొడ్డికి వెళ్లొచ్చాక, మట్టి పని తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లల గోళ్లు కత్తిరించాలి.

దక్షిణ కొరియాలో 1971లో జనాభాలో సగానికి పైగా, 54.9 శాతం మందిలో, ఏలికపాములుండేవి. బడిపిల్లలకు ఏటా మల పరీక్షలు చేసి మందులిచ్చారు. పచ్చి మలాన్ని పొలాలకు ఎరువుగా వేయడం ఆగిపోయింది. 1992 నాటికి ఆ సంఖ్య 0.3 శాతానికి పడిపోయింది. జపాన్ అంతకు ముందే ఇదే దారిలో ఏలికపామును వదిలించుకుంది. పేగులోని పురుగు మందు వేసినా వేయకున్నా ఏడాది రెండేళ్లలో చస్తుంది. మట్టిలోకి కొత్త గుడ్డు చేరని ఊళ్లో దాని చోటికి మరో పురుగు రాదు.